పాప తండ్రి సంతకం, మామగారి పాస్‌పోర్టు గడువు: కుటుంబంతో ఓడ ప్రయాణానికి ముందు

ప్రశ్న

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమెకు 37 ఏళ్లు. మొదటి వివాహం ఆరేళ్ల కిందట పరస్పర అంగీకారంతో విడాకులై ముగిసింది. ఆ వివాహంలో పుట్టిన పాపకు ఇప్పుడు 11 ఏళ్లు. కోర్టు డిక్రీ ప్రకారం పాప తల్లి దగ్గరే పెరుగుతోంది, నెలకు రెండుసార్లు తండ్రిని కలుస్తోంది. డిక్రీలో విదేశీ ప్రయాణం ప్రస్తావన లేదు. మూడేళ్ల కిందట ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇప్పుడు అత్తమామల పెళ్లికి 50 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఏడుగురు కలిసి ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. ఏథెన్స్ పక్కనున్న పైరియస్ రేవులో ఎక్కి, మికొనోస్, టర్కీలోని కుసాదాసి, రోడ్స్, క్రీట్ ద్వీపంలోని హెరాక్లియన్, సాంటొరిని చూసుకొని, ఏడు రాత్రుల తర్వాత తిరిగి పైరియస్‌లోనే దిగుతారు. చరిత్ర ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన మామగారికి కుసాదాసి దగ్గరున్న ఎఫెసస్ శిథిలాలు చూడాలన్నది చిరకాల కోరిక. ప్రయాణానికి ఇంకా 11 వారాల గడువుంది.

బుకింగులన్నీ ఆమె మరిది చేశాడు. ఆమె పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతో ఉండగా, టికెట్టు మాత్రం భర్త ఇంటిపేరుతో తీశాడు. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. టికెట్టులో అక్కడ ఏదో ఒకటి నింపాడు. మామగారి పాస్‌పోర్టు ప్రయాణం ముగిసిన రెండున్నర నెలలకు గడువు తీరిపోతుంది. ఇవన్నీ ఆమె అడిగితే, "ఓడకు ఇంత హడావిడి ఉండదు వదినా, నా స్నేహితుడి కుటుంబం బర్త్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు చూపించి వెళ్లొచ్చింది" అని కొట్టిపారేశాడు. పాప విషయంలో తండ్రి సమ్మతి పత్రం కావాలని ఎవరో చెప్పగా, ఆ మనిషిని ఏదీ అడగడం ఇష్టంలేక ఆమె ఊరుకున్నారు. దరఖాస్తులో తండ్రి స్థానంలో ఇప్పటి భర్తే సంతకం పెడితే సరిపోతుందని మరిది మరో సలహా ఇచ్చాడు. ఇంతలో అత్తగారు, "కాగితాలు కుదరకపోతే పాపను మీ అమ్మగారి దగ్గర ఉంచి వెళ్దాం" అన్నారు. ఆ మాట పాప వింది. అప్పటి నుంచి ప్రయాణం ఊసెత్తడం లేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, బీరువాలో ఉండాల్సిన పాప పాస్‌పోర్టు తన బడి సంచిలో, లెక్కల పుస్తకం మధ్యలో ఉంది. "నేనేం చేయాలి? ఏయే కాగితాలు కావాలి? అతన్ని అడగకుండా గడిచే దారి ఉందా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీ ఉత్తరంలో నాలుగు చిక్కులున్నాయి. వాటిలో మూడు నిజంగా కాగితాల చిక్కులే. కాస్త ఓపిక పట్టి, పనులను సరైన వరుసలో చేసుకుంటే ఈ 11 వారాల్లోనే తీరుతాయి. నాలుగోది, పాప తండ్రి సంతకం. అది కాగితం రూపంలో ఎదురుపడినా కాగితంతో మొదలైన చిక్కు కాదు కాబట్టే మీరు దాన్ని చివరికి నెట్టేశారు. నా ఉద్దేశంలో దాన్నే అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. ఎందుకో చెప్పే ముందు, మిగతా మూడింటి మీద మీకున్న భయాన్ని కొంత తగ్గిస్తాను, ఒక చోట మాత్రం కొంత పెంచుతాను.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మీకు వర్తించే నిజం కాదు. అమెరికాలోని ఒక రేవులో బయలుదేరి తిరిగి అదే రేవుకు చేరే ఓడ ప్రయాణాల్లో, అమెరికా పౌరులు మాత్రం పాస్‌పోర్టు లేకుండా, జనన ధ్రువపత్రం, ప్రభుత్వం జారీచేసిన ఫొటో గుర్తింపు కార్డు చూపించి స్వదేశంలోకి తిరిగి ప్రవేశించవచ్చు. 16 ఏళ్ల లోపు పిల్లలకైతే జనన ధ్రువపత్రం ఒక్కటే సరిపోతుంది. 2009 జూన్ 1 నుంచి భూ, సముద్ర సరిహద్దుల దగ్గర అమలులోకి వచ్చిన నిబంధనల్లో ఇచ్చిన మినహాయింపు అది. ఆ స్నేహితుడి కుటుంబం అలాంటి ప్రయాణమే చేసి ఉంటుంది. ఆ మినహాయింపు ఓడలన్నిటికీ ఇచ్చింది కాదు, ఒక దేశం తన పౌరులకు, తన రేవుల వరకు ఇచ్చుకున్నది. మీరు వెళ్తున్నది గ్రీసుకు, టర్కీకి. గ్రీసుకు మీ పాస్‌పోర్టుల మీద వీసా తప్పనిసరి అని మీరే రాశారు. కాబట్టి ఏడుగురికీ ఏడు పాస్‌పోర్టులు, ఏడు వీసాలు ఉండాల్సిందే. ఓడ కంపెనీ వీటిని ఓడ ఎక్కేముందే చూస్తుంది. సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి తెచ్చి దించిన కంపెనీ మీద జరిమానా, అతన్ని వెనక్కి పంపే భారం పడతాయి కాబట్టి, అనుమానం వచ్చిన చోట కంపెనీ మనిషి ఆపేస్తాడే తప్ప వదిలిపెట్టడు. అలా రేవులో నిలిచిపోయినవారికి డబ్బు వెనక్కి రావడం చాలా అరుదు. కాగితాలు సరిచూసుకునే బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్టు షరతుల్లో దాదాపు అన్ని కంపెనీలూ రాసుకుంటాయి.

ఇప్పుడు భయం కొంత పెంచాల్సిన సంగతి. మీ దారిలో కుసాదాసి ఒక్కటే గ్రీసులో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలోనూ లేదు. ఓడ ఎక్కడానికి గ్రీసులో అడుగుపెట్టడం ఒక ప్రవేశం. మికొనోస్ దాటి టర్కీకి వెళ్లగానే ఓడ షెంగెన్ హద్దు దాటుతుంది. మర్నాడు రోడ్స్‌లో దిగితే అది రెండో ప్రవేశం. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా ఉంటే, మొదటి రోజు పైరియస్‌లో ఏ ఇబ్బందీ లేకుండా సాగిన ప్రయాణం రోడ్స్‌లో ఆగిపోవచ్చు. అసలు ఓడ ఎక్కేటప్పుడే అది చూసి ఆపేసే అవకాశం ఎక్కువ. "కుసాదాసిలో దిగకుండా ఓడలోనే కూర్చుంటాం" అన్నది దీనికి విరుగుడు కాదు. మీరు దిగినా దిగకపోయినా ఓడ అక్కడికి వెళ్లి వస్తుంది. పైగా మామగారు వస్తున్నదే ఎఫెసస్ కోసం. అందుకని వీసా దరఖాస్తులో రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువసార్లు గానీ ప్రవేశానికి వీలిచ్చే వీసా అడగండి. ఓడ ఏ తేదీన ఏ రేవులో ఉంటుందో చూపించే ప్రయాణ పట్టికను జతచేసి, టర్కీ రేవు పక్కన గీత గీసి పెట్టండి. ఎక్కువ రోజులు గడిపేది గ్రీసులోనే కాబట్టి దరఖాస్తు గ్రీసు కాన్సులేటుకే వెళ్లాలి.

టర్కీ వైపు నుంచి చూస్తే, సముద్రమార్గాన వచ్చి రేవు పట్టణాన్నీ చుట్టుపక్కల ప్రాంతాలనూ చూసే పర్యాటకులకు 72 గంటల వరకు వీసా మినహాయింపు ఇచ్చే వీలు ఆ దేశ చట్టంలో ఉంది. ఎఫెసస్ కుసాదాసికి దగ్గరే. అయితే ఈ మినహాయింపు ఓడ కంపెనీ, రేవు అధికారుల ద్వారా అమలయ్యేది. అందువల్ల మీ పాస్‌పోర్టులున్న ప్రయాణికులకు ఆ ఓడలో దీన్ని వర్తింపజేస్తున్నారా లేదా అని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. ఫోనులో ఎవరో చెప్పిన మాట రేవులో అక్కరకు రాదు, వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబును ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవచ్చు. ఇంకో మాట. ఇలాంటి విషయాల్లో పాత అనుభవాలను నమ్ముకోవద్దు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది. అంతకు ముందు ఏడాది వెళ్లొచ్చినవారు చెప్పే రేవుల లెక్క ఆ తర్వాత ఏడాదికే చెల్లకుండా పోయింది.

మామగారి పాస్‌పోర్టు సంగతి సూటిగా తేలేదే. షెంగెన్ నిబంధన ప్రకారం, ఆ ప్రాంతం విడిచి బయటికి వచ్చే తేదీ తర్వాత ఇంకా కనీసం మూడు నెలల గడువు పాస్‌పోర్టులో మిగిలి ఉండాలి. ఆయనకు రెండున్నర నెలలే మిగులుతున్నాయి. సగం నెలేకదా అని ఎవరూ చూసీ చూడనట్టు వదలరు. వీసా కౌంటర్లోనే తిప్పి పంపేస్తారు. పైగా చాలా ఓడ కంపెనీలు ఆరు నెలల గడువు అడుగుతాయి. కాబట్టి కొత్త పాస్‌పోర్టు తీసుకోవడం తప్ప ఇక్కడ మరో దారి లేదు. మీ అందరి పాస్‌పోర్టులూ ఒకసారి తీసి, జారీ చేసిన తేదీ కూడా చూడండి. పదేళ్లు దాటినవాటిని షెంగెన్ దేశాలు ఒప్పుకోవు. వీసా కోసం కనీసం రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఇక్కడ వరుస ముఖ్యం. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, కొన్ని కేసుల్లో అది 45 రోజుల దాకా సాగవచ్చు. మీకున్నవి 77 రోజులు. వాటిలో 45 రోజులు వీసాకు తీసిపెడితే, కొత్త పాస్‌పోర్టు చేతికి రావడానికి, వీసా కౌంటర్లో అపాయింట్‌మెంటు దొరకడానికి కలిపి 32 రోజులే మిగులుతాయి. త్వరగా ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉంటే మామగారికి దాన్నే వాడండి. అది ఆలస్యమయ్యేట్టుంటే మీకు రెండు దారులున్నాయి. అందరూ ఆయన కోసం ఆగి ఒకేసారి దరఖాస్తు చేయవచ్చు. అప్పుడు కుటుంబమంతా ఒకే ప్రయాణమని అధికారికి ఒక్క చూపులో తెలుస్తుంది, కానీ ఆయన ఆలస్యం అందరి ఆలస్యమవుతుంది. లేదా మిగతా ఆరుగురూ ముందు దరఖాస్తు చేసి, ఆయన విడిగా చేసుకోవచ్చు. అప్పుడు ఆరుగురికి వీసాలు వచ్చి, ఎవరి కోరిక కోసం ఈ ప్రయాణమో ఆయనకే రాకపోయే పరిస్థితి తలెత్తవచ్చు. నేనైతే మూడు వారాలు గడువు పెట్టుకుని, అప్పటికీ ఆయన పాస్‌పోర్టు రాకపోతేనే విడదీస్తాను. కొత్త నంబరు రాగానే ఓడ బుకింగులోనూ విమాన టికెట్టులోనూ మార్పించడం మరచిపోకండి.

పేర్ల దగ్గరికి వస్తాను. మీ పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి. ఒక్కో వరుసలో 44 గడులు, ఖాళీల్లో బాణం ములుకు లాంటి గుర్తులు. మొదటి వరుసలో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత రెండు బాణం గుర్తులు, వాటి తర్వాత సొంత పేరు ఉంటాయి. రేవులోని యంత్రం చదివేది ఆ వరుసలనే. మనం ఇంట్లో ఏ పేరుతో పిలుచుకుంటామో, పెళ్లి తర్వాత ఏ పేరు వాడుకుంటున్నామో దానికి తెలియదు. టికెట్టులో ఉన్న పేరు ఆ వరుసలో ఉన్న పేరుతో సరిపోవాలి. మీకు రెండు దారులున్నాయి: పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవడం, లేదా బుకింగులో పేరు సరిచేయించడం. మొదటిది చేస్తే కొత్త పాస్‌పోర్టు కోసం ఇంకొన్ని వారాలు పోతాయి. రెండోది చాలా కంపెనీల్లో ఒక ఈమెయిల్‌తో, పాస్‌పోర్టు నకలుతో తెమిలిపోతుంది. మనిషిని మార్చడానికి ఒప్పుకోని కంపెనీలు కూడా అదే మనిషి పేరు సరిచేయడానికి సాధారణంగా ఒప్పుకుంటాయి. పెళ్లి ధ్రువపత్రం చూపిస్తే సరిపోతుందని కొందరంటారు. అది మీరు ఎవరి భార్యో చెబుతుంది, టికెట్టు మీదున్న పేరు మీ పాస్‌పోర్టులో ఎందుకు లేదో ఆ యంత్రానికి చెప్పదు.

మీ పుట్టింటి ఇంటిపేరును ఇప్పుడప్పుడే వదులుకోవద్దని చెప్పడానికి నాకు మరో కారణం కూడా ఉంది. మీ పాపకు తండ్రి ఇంటిపేరు ఉంది, మీ భర్తది వేరే ఇంటిపేరు. ఆ పాప మీ కూతురేనని చూపించే కాగితం ఆమె జనన ధ్రువపత్రం. దానిలో తల్లి పేరుగా ఉన్నది మీ పుట్టింటి ఇంటిపేరుతోనే అని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. మీ పాస్‌పోర్టులోనూ అదే ఉంది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తల్లీకూతుళ్లు ఎవరో అడగకుండానే తేలిపోతుంది. మీరు ఇబ్బంది అనుకుంటున్న పాత పేరే ఇక్కడ మీకు ఆధారం. ఇప్పుడు ఆదరాబాదరాగా పేరు మార్చుకుంటే ఆ ఆధారాన్ని మీ చేతులతో మీరే తెంపుకున్నట్టవుతుంది.

అత్తగారి విషయంలో మీ మరిది ఊహించి నింపిన ఇంటిపేరును తీసేయించాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి పేరును బుకింగులో ఎలా రాయాలో ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా చెబుతుంది. సొంత పేరునే రెండు గడుల్లోనూ రాయమనేవి ఉన్నాయి, పేరును రెండుగా విడదీసి రాయమనేవీ ఉన్నాయి. ఓడ కంపెనీనీ విమాన సంస్థనూ విడివిడిగా అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయించండి.

ఇక పాప.

సమ్మతి పత్రం ఓడ ఎక్కే రోజున అడిగే కాగితమని మీరు అనుకుంటున్నట్టున్నారు. అందుకే ఇంకా సమయముందని ఊరుకున్నారు. నిజానికి అది అంతకు ఎంతో ముందే, వీసా దరఖాస్తు దగ్గరే కావాల్సి వస్తుంది. మైనరు దరఖాస్తు మీద తల్లిదండ్రుల హక్కున్నవారు సంతకం చేయాలి. ఒక్కరే దరఖాస్తు చేస్తుంటే రెండోవారి సమ్మతి గానీ, ఆ సమ్మతి అక్కర్లేదని చూపించే కోర్టు ఉత్తర్వు గానీ సాధారణంగా అడుగుతారు. మీ డిక్రీ పాప మీ దగ్గర పెరగాలని చెబుతోంది, తండ్రికి కలిసే హక్కు ఉందని కూడా చెబుతోంది, విదేశీ ప్రయాణం గురించి ఏమీ చెప్పడం లేదు. ఏమీ చెప్పకపోవడాన్ని కొందరు అధికారులు మీకు అనుకూలంగా తీసుకోవచ్చు, కొందరు తీసుకోరు. ఏ అధికారి ఎదురవుతారో తెలియనప్పుడు ఆ డిక్రీ మీదే భారం వేయడం మంచిది కాదు.

ఈ కాగితం అడగడం మీ తల్లితనాన్ని అనుమానించడం కాదని కూడా చెప్పాలి. తల్లిదండ్రుల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా బిడ్డను దేశం దాటించి తిరిగి రాకుండా ఉండిపోయే ఘటనలు చాలా జరిగాయి. ఆ బిడ్డలను తిరిగి తెచ్చేందుకే 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. వీసా అధికారి, ఓడ కంపెనీ ఉద్యోగి, రేవులోని పోలీసు, వీరందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ పాప వెళ్తున్నట్టు రెండోవారికి తెలుసా? రేపు ఎప్పుడైనా పాపను తండ్రి విదేశానికి తీసుకెళ్తానంటే ఇదే ప్రశ్న అతన్నీ అడగాలని మీరు కోరుకుంటారు.

మీ మరిది ఇచ్చిన రెండో సలహాను మాత్రం ఇక్కడితో పక్కన పెట్టేయండి. మీవారు పాపను ఎంత ప్రేమగా చూసుకుంటున్నా, దత్తత జరగనంత వరకు ఆ దరఖాస్తులో తండ్రిగా సంతకం చేసే హక్కు ఆయనకు లేదు. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, దరఖాస్తులో మరో పేరు ఉంటే అది అక్కడికక్కడే బయటపడుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు వీసా తిరస్కరిస్తే ఆ సంగతి షెంగెన్ దేశాలన్నీ చూడగలిగే వీసా రికార్డుల్లో ఐదేళ్లు ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి. నిజాయితీగా మీ దగ్గరున్న సంరక్షణ హక్కును ప్రశ్నించడానికి పాప తండ్రికి మీరే ఒక కారణం ఇచ్చినట్టవుతుంది.

మరి అతన్ని అడగకుండా గడిచే దారి ఉందా అంటే, ఒకటుంది. ఈ ప్రయాణానికి పాపను తీసుకెళ్లే అనుమతి ఇమ్మని కుటుంబ న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టవచ్చు. కానీ అక్కడ కూడా అతనికి నోటీసు వెళ్తుంది, కాబట్టి అడగకుండా గడవదు, మీ బదులు కోర్టు అడుగుతుంది. పైగా వీసాకు కావాల్సిన సమయంలోపు ఉత్తర్వు వస్తుందన్న భరోసా లేదు. ఇప్పటి వరకు మామూలుగా సాగుతున్న నెలకు రెండు కలయికలు మళ్లీ వకీళ్ల చేతుల్లోకి పోతాయి. అతను కారణం లేకుండా నిరాకరిస్తేనో, వారం పది రోజులైనా జవాబే ఇవ్వకపోతేనో ఇది తప్పదు. అప్పుడు మీరు మర్యాదగా అడిగారనడానికి సాక్ష్యంగా మీ ఉత్తరమే కోర్టులో పనికొస్తుంది.

రెండో దారి, వకీలు ద్వారా అడిగించడం. మీరు అతనితో నేరుగా మాట్లాడాల్సిన పని తప్పుతుంది. కానీ వకీలు ఉత్తరం అందుకున్న మనిషి ముందు తన వకీలు దగ్గరికే పరుగెత్తుతాడు. వారంలో అయ్యే పని నెల పడుతుంది.

మూడోది, నేరుగా అడగడం. మీ ఉత్తరంలో అతను పాపను కలవడం ఎప్పుడూ ఎగ్గొట్టలేదని, డబ్బు విషయంలోనూ ఇబ్బంది పెట్టలేదని రాశారు. మీకు అడగడం ఇష్టం లేనిది అతను కాదంటాడని కాదు, అడిగితే అతని ముందు చిన్నబోయినట్టవుతుందని. ఆ బాధ నాకు అర్థమవుతుంది, దాన్ని తక్కువ చేయను. అయితే ఇది అతను మీకు చేసే ఉపకారం కాదు. తన కూతురికి తండ్రిగా అతను చేయాల్సిన పని. అలా అనుకుని అడిగితే మాట తీరు దానంతట అదే మారుతుంది. ఈ ప్రయాణం వల్ల అతను పాపను కలిసే రోజుల్లో ఒకటి పోతుంది కూడా. దానికి బదులు ఏ రోజు ఇస్తారో అతను అడగక ముందే మీరే చెప్పండి. ఫోనులో కాకుండా రాతలో అడగండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పాపను కుటుంబంతో కలిసి ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. గ్రీసు, టర్కీ రేవుల్లో దిగుతాం. రానూపోనూ టికెట్లు, ఓడ ప్రయాణ పట్టిక జతచేస్తున్నాను. మధ్యలో మీరు పాపను కలవాల్సిన రోజు ఒకటి పోతుంది కాబట్టి, దాని ముందు వారంలో గానీ తర్వాతి వారంలో గానీ మీకు వీలైన రోజు చెప్పండి. ప్రయాణంలో పాప మీతో ఫోనులో మాట్లాడుతుంది. ఈ ఒక్క ప్రయాణానికే పరిమితమైన సమ్మతి పత్రం నమూనా పంపుతున్నాను. నోటరీ ఎదుట సంతకం చేసి, ఫలానా తేదీలోగా పంపగలరు. ఖర్చు నేను భరిస్తాను."

ఇందులో సంజాయిషీ లేదు, బతిమాలడమూ లేదు. దీనికి అతను షరతులు పెట్టవచ్చు. వేసవి సెలవుల్లో పాపను ఇంకో వారం పంపమనడం లాంటివైతే, పాపకు ఇష్టమా కాదా అన్నది చూసి నిర్ణయించుకోండి. డబ్బు విషయాలనో డిక్రీలోని ఇతర అంశాలనో దీనికి ముడిపెడితే మాత్రం ఒప్పుకోకుండా, అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లండి.

సమ్మతి పత్రంలో పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వెంట వెళ్లే పెద్దలుగా మీ పేరూ మీవారి పేరూ, వెళ్లి వచ్చే తేదీలు, ఓడ పేరు ఉండాలి. దేశాల పేర్లు విడివిడిగా రాయించండి. గ్రీసు ఒక్కటే రాసి టర్కీ రాయకపోతే కుసాదాసికి ఆ సమ్మతి లేనట్టే. విమానం మారే దేశం ఏదైనా ఉంటే అదీ రాయించండి. అత్యవసరంగా వైద్యం చేయించాల్సి వస్తే తల్లి నిర్ణయం తీసుకోవచ్చన్న ఒక వాక్యం కూడా ఉంటే మంచిది. పత్రాన్ని ఇంగ్లీషులో తయారు చేయించి, సంతకంతో ఉన్న అసలు ప్రతులు రెండు తీసుకోండి, ఎందుకంటే ఒకటి వీసా దరఖాస్తుతో వెళ్లిపోవచ్చు. అతని గుర్తింపు కార్డు నకలు కూడా జతచేయించండి. పాప జనన ధ్రువపత్రం, మీ విడాకుల డిక్రీ ఇంగ్లీషులో లేకపోతే ధ్రువీకరించిన అనువాదాలు సిద్ధం చేయించండి. పాపకు 12 ఏళ్లు నిండలేదు కాబట్టి వీసాకు వేలిముద్రలు అక్కర్లేదు. పెద్దలందరూ మాత్రం స్వయంగా వెళ్లి ఇవ్వాల్సి ఉంటుంది, ఐదేళ్ల లోపు ఇచ్చినవారికి తప్ప.

చివరి దారి, పాపను ఇంట్లో ఉంచి వెళ్లడం. దీన్ని కూడా ఒక అవకాశంగా నేను చెప్పాలి, చెబుతున్నాను. అతని సంతకం రాక, కోర్టు ఉత్తర్వు అందక, వీసా రాకపోతే మీ ముందు ఉండేవి మూడే. పాపను వదిలి అందరూ వెళ్లడం, పాపతో మీరు ఆగిపోయి మిగతావారు వెళ్లడం, ప్రయాణాన్నే వెనక్కి జరపడం. మొదటిది చేస్తే మిగతావారి డబ్బు పోదు. కానీ కొత్త కుటుంబంలో తన స్థానం ఏమిటన్న ప్రశ్నకు పాప ఒక జవాబు చెప్పుకుంటుంది, దాన్ని తర్వాత మార్చడం చాలా కష్టం. రెండోది చేస్తే అత్తమామల వేడుకలో మీరుండరు, కానీ పాపకు తోడుంటారు. మూడోది చేస్తే ఓడ కంపెనీ రద్దు షరతులు చూడాలి. తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి ఆ పట్టిక ఇప్పుడే చదివి, ఏ తేదీ దాటితే ఎంత పోతుందో రాసిపెట్టుకోండి. ఆ తేదీనే మీ నిర్ణయానికి గడువు చేసుకోండి. అత్తగారు చెడు ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. అందరి ప్రయాణం ఆగిపోతుందన్న కంగారులో అలా అని ఉంటారు. ఆమెతో మీరు కాకుండా మీవారు మాట్లాడడం మేలు. "పాప వస్తోంది, కాగితాలు మేం చూసుకుంటున్నాం" అన్న మాట ఆయన నోటి నుంచి వస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, పాపకు కూడా.

ఓడ ఎక్కే రోజు గురించి ఒక ముఖ్యమైన సంగతి చెబుతాను. రేవు భవనం బయటే పెద్ద పెట్టెలు తీసుకుని ఓడలోకి పంపేస్తారు. అవి మీ గదికి చేరేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు. పాస్‌పోర్టులు, సమ్మతి పత్రం ఆ పెట్టెల్లో ఉండిపోయి, లోపల కౌంటర్ దగ్గర నిలబడి తెల్లమొహం వేసిన కుటుంబాలున్నాయి. కాగితాలన్నీ మీ భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉండాలి. కొన్ని ప్రయాణాల్లో ఓడ సిబ్బంది పాస్‌పోర్టులు తీసుకుని తమ దగ్గరే ఉంచుకుంటారు. సమ్మతి పత్రం, జనన ధ్రువపత్రం వాటితో పాటు ఇచ్చేయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి పాస్‌పోర్టు ఫొటో పేజీకీ వీసా పేజీకీ కాగితం నకళ్లు, ఫోనులో ఫొటోలు ఉంచుకుని రేవుల్లో దిగినప్పుడు వెంట తీసుకెళ్లండి.

ఇప్పుడు, నేను ఉత్తరం రెండోసారి చదివినప్పుడు గమనించిన విషయం. మామగారి పాస్‌పోర్టు గడువు ఎప్పుడు తీరుతుందో రోజుతో సహా రాశారు. పాప పాస్‌పోర్టు గడువు ఎక్కడా రాయలేదు. పిల్లల పాస్‌పోర్టులను చాలా దేశాలు ఐదేళ్లకే జారీ చేస్తాయి. పాపకు ఆరేళ్లప్పుడో ఏడేళ్లప్పుడో తీసిందైతే దానికీ గడువు దగ్గరపడి ఉండవచ్చు, తీరిపోయి కూడా ఉండవచ్చు. మైనరుకు కొత్త పాస్‌పోర్టు ఇవ్వడానికి కూడా చాలా చోట్ల తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారు. అదే గనక అయితే అతనికి రాసే ఉత్తరంలో ఒకటి కాదు, రెండు సంతకాలు అడగాలి. అందుకని ఈ రాత్రే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాస్‌పోర్టును లెక్కల పుస్తకంలోంచి తన చేతే తీయించండి. గడువు తేదీని తన చేతే చదివించండి. అడుగునున్న రెండు వరుసల్లో తన పేరు ఎక్కడుందో వెతకమనండి. టికెట్టులో తన పేరును దాంతో పోల్చి, ఏడుగురి పేర్లతో మీరు రాసుకునే పట్టికలో తన వరుసను తననే నింపమనండి.